సమీకరణము చెప్పని సంగతి
అవక్షేపిత కాల్షియము కార్బొనేటు తయారీలో చేర్పు పదార్థములు: ఒక విమర్శ

సున్నపు తేటలోనికి గొట్టముతో ఊదినచో అది పాలవలె తెల్లబడును. ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థికి ఈ ప్రయోగము తెలిసినదే. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు తేటలో కరగియున్న కాల్షియము హైడ్రాక్సైడుతో కలియును. కాల్షియము కార్బొనేటు, నీరు ఏర్పడును. సమీకరణము వ్రాయుట, రెండు వైపుల పరమాణువులను సరిచూచుట, "తెల్లని అవక్షేపము ఏర్పడును" అని చెప్పుట: ఇంతటితో పాఠము ముగియును. పరీక్షలో అడుగునదియు ఇంతే. మార్కులు వచ్చునదియు ఇంతకే.

ఈ పాఠములో తప్పు లేదు. కాని కొరత ఉన్నది. ఏ పదార్థము ఏర్పడునో, ఎంత ఏర్పడునో సమీకరణము చెప్పును. ఏ రూపములో ఏర్పడునో చెప్పదు. ఆ తెల్లని పొడిలోని రేణువు పలకలు తీరి ఉండునా, సూదివలె ఉండునా, బంతివలె ఉండునా అను ప్రశ్నకు సమీకరణములో జవాబు దొరకదు. పరిశ్రమలో ఆ పొడికి ధర కట్టుటలో ఈ ప్రశ్నకే ప్రాముఖ్యము ఎక్కువ. ఆ జవాబును మార్చునవి తరచుగా సమీకరణములో పేరైనను లేని పదార్థములు: కొద్దిపాటి మెగ్నీషియము, కొంచెము చక్కెర, లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ఫాస్ఫేటు. వీటిని చేర్పు పదార్థములందురు.

పాఠ్యాంశము వీటిని గూర్చి మౌనము వహించుచున్నది. మరియొక ప్రక్క, కొన్ని పరిశోధన పత్రములు వీటికి అర్హతకు మించిన ఘనతను కట్టబెట్టుచున్నవి. ఆ మౌనము, ఈ అతిశయోక్తి, రెండును విమర్శింపదగినవే.

పడగొట్టి మరల కట్టుట

అవక్షేపిత కాల్షియము కార్బొనేటును కర్మాగారములలో తయారుచేయు పద్ధతి పాఠశాల ప్రయోగమునకు పెద్ద రూపమే. మంచి సున్నపురాయిని బట్టీలో సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చుదురు. 100 కిలోగ్రాముల శుద్ధమైన రాయినుండి 56 కిలోగ్రాముల పొడిసున్నము, 44 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడు వచ్చును. ఆ సున్నమును నీటిలో విరియజేసి, రాళ్లను జల్లించి తీసివేయగా సున్నపు పాలు మిగులును. బట్టీనుండి వచ్చిన వాయువును కడిగి, చల్లార్చి, ఆ పాలలోనికి బుడగలుగా పంపుదురు. కాల్షియము కార్బొనేటు అవక్షేపమగును. దానిని వడగట్టి, ఆరబెట్టి, సంచులకెత్తుదురు.

లెక్క చూచినచో ఇది వింతగా తోచును. 100 కిలోగ్రాముల కాల్షియము కార్బొనేటుతో పని మొదలై, ఎంతో ఇంధనము ఖర్చయిన పిదప, మరల 100 కిలోగ్రాముల కాల్షియము కార్బొనేటే చేతికి వచ్చినది. గోడను పడగొట్టి అవే ఇటుకలతో మరల గోడ కట్టినట్లున్నది. సమీకరణము మాత్రమే చదివిన విద్యార్థి ఈ కర్మాగారమును చూచినచో, "సున్నపురాయినే మెత్తగా విసరి అమ్మరాదా?" అని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. విసరిన సున్నపురాయి పొడియు అమ్ముడుపోవుచునే యున్నది. అది చవుక కూడ.

జవాబు గోడలో కాదు, కట్టిన తీరులో ఉన్నది. విసరిన పొడిలోని రేణువు ఒక విరిగిన ముక్క. దానికి నియతమైన ఆకారము లేదు. అవక్షేపమైన రేణువు ద్రావణములో పుట్టి పెరిగిన స్ఫటికము. అది ఎంత పెరుగవలెనో, ఏ ఆకారముతో పెరుగవలెనో కొంతవరకు నిర్ణయించుటకు వీలున్నది. కాగితములో నింపుటకు మొనదేలిన స్ఫటికముల గుచ్ఛములు మేలు. వాటి సందులలో గాలి నిలిచి, వెలుతురును చెదరగొట్టి, కాగితము ఆవలివైపు అక్షరములు కనబడకుండ చేయును. రబ్బరు, ప్లాస్టిక్కులలో కలుపుటకు 0.1 మైక్రాన్ కంటె చిన్న రేణువులను కూడ తయారు చేయుచున్నారు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పండ్లపొడిలో రేణువు పన్నును శుభ్రపరచవలెను గాని గీయరాదు. కొనువారు చెల్లించు ధరలో శుద్ధికి, తెలుపుదనమునకు భాగమున్నది. రూపమునకు, పరిమాణమునకు అంతకు తక్కువ కాని భాగమున్నది.

ఒకే పదార్థము, మూడు స్ఫటికరూపములు

నీరు చేరని కాల్షియము కార్బొనేటు సాధారణముగా మూడు స్ఫటికరూపములలో లభించును: కాల్సైటు, అరగొనైటు, వేటరైటు. మూడింటి రసాయన సంఘటనము ఒక్కటే. అమరికలో భేదమున్నది. కాల్సైటులో ఒక్కొక్క కాల్షియము అయాను చుట్టును 6 ఆక్సిజన్ పరమాణువులుండును. అరగొనైటులో 9 ఉండును. కాల్సైటు సాంద్రత 2.71, అరగొనైటు సాంద్రత 2.93. అరగొనైటు కాల్సైటు కంటె కొంచెము గట్టిది. కోడిగ్రుడ్డు పెంకు కాల్సైటు. ముత్యము, పగడపు దిబ్బలు కట్టు జీవుల అస్థిపంజరము అరగొనైటు. వేటరైటు ప్రకృతిలో అరుదు.

గది ఉష్ణోగ్రతవద్ద, సాధారణ వాయుపీడనమున వీటిలో స్థిరమైనది కాల్సైటు. 25 డిగ్రీలవద్ద కాల్సైటుతో పోల్చినచో అరగొనైటు ద్రావణీయతా లబ్ధము సుమారు 1.4 రెట్లు, వేటరైటుది సుమారు 3.7 రెట్లు. వీటికి ముందుగా, క్రమమైన అమరికలేని అస్ఫటిక కాల్షియము కార్బొనేటు కూడ తరచు ఏర్పడును; దాని ద్రావణీయత ఇంకను ఎక్కువ. అస్థిరమైన రూపము ముందుగా వచ్చి, అది కరగి స్థిరమైన రూపము తరువాత వచ్చుట అనేక పదార్థములలో కనబడును. ఈ ధోరణిని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఆస్ట్వాల్డ్ 1897లో సూత్రముగా చెప్పెను.

ఇక పాఠశాలలో చేయు ఆమ్లపరీక్షను చూడుడు. సజల హైడ్రోక్లోరికామ్లము పోసినచో మూడు రూపములును పొంగి బుడగలనిచ్చును. అనగా విద్యార్థికి తెలిసిన పరీక్షలేవియు ఈ మూడింటిని వేరుపరచలేవు. "తెల్లని అవక్షేపము" అను మాట మూడింటికిని సరిపోవును. అందువలననే ఆ మాటవద్ద పాఠము ఆగుట ఒక ద్వారమును మూసివేయుటగా పరిణమించుచున్నది.

కొద్దిపాటి పదార్థము, పెద్ద మార్పు

చేర్పు పదార్థములు పనిచేయు విధములు అనేకము. ముఖ్యమైనవి కొన్ని మాత్రమే ఇక్కడ చూడవచ్చును.

మొదటిది మెగ్నీషియము. సముద్రజలములో ఒక కాల్షియము అయానుకు సుమారు 5 మెగ్నీషియము అయానులున్నవి. అట్టి నీటినుండి కాల్సైటు సులభముగా పెరుగదు. అరగొనైటు వచ్చుటకు వీలు కలుగును. ఇందులో ఒక విచిత్రమున్నది. మెగ్నీషియము అయాను కాల్షియము కంటె చిన్నది. అది కాల్సైటు అమరికలో ఇముడును. అరగొనైటులో దాదాపు ఇమడదు. ఇమిడిన చోటనే అది అపకారము చేయుచున్నది. మెగ్నీషియము చేరిన కాల్సైటు శుద్ధమైన కాల్సైటు కంటె ఎక్కువగా కరగును. కనుక దాని పెరుగుదల మందగించును. తనను లోనికి రానీయని అరగొనైటుకు ఈ చిక్కు లేదు.

రెండవది చక్కెర. 20 డిగ్రీలవద్ద లీటరు నీటిలో సుమారు 1.7 గ్రాముల కాల్షియము హైడ్రాక్సైడు మాత్రమే కరగును. చక్కెర కలిపిన నీటిలో అంతకు చాల ఎక్కువ కరగును. చక్కెర, కాల్షియము కలిసి కరగు సంయోగములను ఏర్పరచుటయే కారణము. సున్నపు పాలలో చక్కెర ఉన్నచో ద్రావణములోని కాల్షియము పెరిగి, ఒకేసారి అనేక స్ఫటిక బీజములు పుట్టుటకు అవకాశము కలుగును. బీజములు ఎక్కువైనచో ఒక్కొక్క దాని వంతుకు వచ్చు పదార్థము తగ్గి, రేణువులు సన్నగా ఉండును.

మూడవది ఫాస్ఫేటుల వర్గము. కఠినజలములో లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల సోడియము హెక్సామెటాఫాస్ఫేటు కలిపినచో కాల్షియము కార్బొనేటు అవక్షేపమగుట చాలసేపు ఆగిపోవును. 1930 తరువాతి దశాబ్దములో బాయిలర్లకు, నీటి గొట్టములకు గార పట్టకుండ దీనిని వాడుట మొదలైనది. 1940లో రైటెమయర్, బ్యూరర్ అను పరిశోధకులు ఈ నిరోధమునే ప్రత్యేకముగా పరిశీలించి ప్రకటించిరి. గమనింపదగిన విషయ మేమనగా, ఆ కొద్ది ఫాస్ఫేటు నీటిలోని కాల్షియమునంతటిని పట్టి ఉంచుటకు ఏ మాత్రమును చాలదు. అణువుకు అణువు లెక్కవేయు సమీకరణపు దృష్టికి ఇది అందదు. కాల్షియమును కాక, అప్పుడే పుట్టుచున్న స్ఫటికపు ఉపరితలమును ఫాస్ఫేటు పట్టుకొనుచున్నదని చెప్పినప్పుడే ఆ స్వల్ప పరిమాణము చాలుట అర్థమగును. ఇల్లంతటిని మూయనక్కరలేదు, తలుపునకు తాళము వేసిన చాలును.

నాలుగవది పాలిఎక్రిలికామ్లమువంటి దీర్ఘాణువులు. వీటి గొలుసుపై వరుసగా ఉండు ఋణావేశములు కాల్షియము అయానులను ఆకర్షించును. ఇవి ఒక్కొక్కప్పుడు స్ఫటికపు కొన్ని ముఖములపైననే అంటుకొని, ఆ ముఖముల పెరుగుదలను అరికట్టి, ఆకారమును మార్చును. అస్ఫటిక రూపము త్వరగా మారిపోకుండ కాపాడుటయు కలదు.

స్టియరికామ్లము వీటికి భిన్నమైనది. అది సాధారణముగా స్ఫటికము ఏర్పడిన తరువాత రేణువులపై పూతగా చేర్చబడును. ప్లాస్టిక్కు, రబ్బరులలో అవి చక్కగా కలియుటకు తోడ్పడును. స్ఫటికము పుట్టుకను మార్చు పదార్థమును, పుట్టిన స్ఫటికమునకు తొడుగు వేయు పదార్థమును ఒకే పేరుతో పిలుచుట వలన వాడుకలో గందరగోళము కలుగుచున్నది. రెండింటిని వేరుగా చెప్పుట మంచిది.

అడుగకుండ వచ్చు చేర్పు పదార్థములు కూడ ఉన్నవి. సున్నపురాయిలో డోలమైటు కలిసియున్నచో మెగ్నీషియము దానితోనే వచ్చును. నీటిలోని లవణములు నీటితోనే వచ్చును. కనుక "ఏ చేర్పును లేకుండ చేసితిమి" అను మాట కర్మాగారములోనే కాదు, ప్రయోగశాలలో కూడ పరీక్షించి చెప్పవలసిన మాట.

1813 నాటి హెచ్చరిక

ఇంతవరకు చెప్పినది మౌనముపై విమర్శ. ఇక అతిశయోక్తి సంగతి చూడవలెను. దీనికి రెండు శతాబ్దముల నాటి ఒక కథ మంచి గుణపాఠము.

అరగొనైటు కూడ కాల్షియము కార్బొనేటే అని 1788లో జర్మనీ దేశపు క్లాప్రోట్ చూపెను. ఇది ఆనాటి స్ఫటిక శాస్త్రమునకు చిక్కు తెచ్చిపెట్టినది. పదార్థమొకటే అయినచో స్ఫటికాకారమును ఒకటే కావలెనని ఫ్రాన్సు దేశపు హాయీ సిద్ధాంతము. కాల్సైటు, అరగొనైటుల ఆకారములు వేరు. కనుక ఎక్కడనో ఒక భేదము దాగియుండవలెనని పలువురు వెదకిరి. 1813లో గోటింగెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్ట్రోమయర్ అరగొనైటులో కొద్దిగా స్ట్రాన్షియము ఉన్నదని కనుగొనెను. చిక్కు విడిపోయినదని అనేకులు సంతోషించిరి. స్ట్రాన్షియము కార్బొనేటు స్ఫటికములు అరగొనైటు తీరుననే యుండుట ఈ వాదమునకు బలము చేకూర్చినది. కొద్దిపాటి స్ట్రాన్షియము కాల్షియము కార్బొనేటును తన ఆకారములోనికి లాగుకొన్నదని చెప్పుట ఎంతో సహజముగా తోచినది.

కాని వాదము నిలువలేదు. తరువాత స్ట్రాన్షియము లేని అరగొనైటు నమూనాలు బయటపడెను. 1837లో గుస్తావ్ రోజ్ వేడి ద్రావణములనుండి అరగొనైటును, చల్లని ద్రావణములనుండి కాల్సైటును అవక్షేపింపజేయవచ్చునని చూపెను. స్ట్రాన్షియముతో పనిలేకుండ, వేడి ఒక్కటే రూపమును మార్చగలిగినది.

స్ట్రోమయర్ విశ్లేషణములో తప్పు లేదు. ఆ నమూనాలలో స్ట్రాన్షియము నిజముగానే ఉండెను. దానినుండి తీసిన నిర్ణయములోనే తప్పున్నది. ఒక పదార్థము అచ్చట ఉన్నంత మాత్రమున అదియే కారణము కాదు. అది లేనప్పుడు ఏమగునో చూడనిదే కారణమని చెప్పుటకు అధికారము లేదు.

నేటి పరిశోధనలకు అదే పరీక్ష

ఈ హెచ్చరికను నేటి చేర్పు పదార్థముల పరిశోధనలకు అన్వయించినచో, కొన్నింటిలో నాలుగు లోపములు కనబడును.

మొదటిది, చేర్పుతోపాటు మారు ఇతర విషయములను లెక్కలోనికి తీసికొనకపోవుట. సిట్రికామ్లము కలిపినచో ద్రావణపు పి.హెచ్. తగ్గును, కాల్షియములో కొంతభాగము సిట్రేటుతో బంధింపబడును. అవక్షేపము ఆలస్యమైనచో అది సిట్రేటు స్ఫటికముపై చేసిన పనియా, లేక స్వేచ్ఛగా ఉన్న కాల్షియము, కార్బొనేటు తగ్గుటవలన కలిగినదియా? అదే పి.హెచ్.తో, అంతే స్వేచ్ఛా కాల్షియముతో, సిట్రేటు లేకుండ మరియొక ప్రయోగము చేయనిదే తేలదు. మెగ్నీషియము క్లోరైడు కలిపి 80 డిగ్రీల వేడిలో అరగొనైటు సూదులు తయారుచేయు ప్రయోగములకును ఇదే మాట వర్తించును. రోజ్ చూపినట్లు వేడికి కూడ అరగొనైటు వైపు మొగ్గు కలదు. అదే వేడిలో మెగ్నీషియము లేని ప్రయోగమును ప్రక్కన పెట్టినప్పుడే దేని వాటా ఎంతయో చెప్పవచ్చును.

రెండవది, కాలము. చేర్పు లేని నీటిలో వేటరైటు గది ఉష్ణోగ్రతవద్ద కొన్ని గంటలలోనే కాల్సైటుగా మారుట మొదలుపెట్టును. పది నిమిషములకు వడగట్టినవారికి వేటరైటు, మరునాడు వడగట్టినవారికి కాల్సైటు కనబడవచ్చును. "ఈ పదార్థము వేటరైటును పుట్టించినది" అనుటకును, "పుట్టిన వేటరైటు మారకుండ ఆపినది" అనుటకును చాల భేదమున్నది. ఒకే సమయమున తీసిన ఒకే నమూనాతో ఈ భేదము తెలియదు.

మూడవది, చూపు. సూక్ష్మదర్శినిలో బంతివలె కనబడినది వేటరైటనియు, సూదివలె కనబడినది అరగొనైటనియు చెప్పుట పొరపాటు. చిన్న కాల్సైటు స్ఫటికములు గుమిగూడి బంతివలె ఏర్పడుట కలదు. ఆకారము వేరు, లోపలి అమరిక వేరు. అమరికను తేల్చుటకు ఎక్స్‌కిరణ వివర్తనమువంటి పరీక్ష కావలెను.

నాలుగవది, ప్రయోగశాలకు, కర్మాగారమునకు గల దూరము. ప్రయోగశాలలో చాలమంది కాల్షియము క్లోరైడు పలుచని ద్రావణమును ఒక మూసిన పాత్రలో ఉంచి, అమ్మోనియము కార్బొనేటు పొడినుండి వచ్చు వాయువులను దానిలో కలియనిచ్చెదరు. కర్మాగారములోని సున్నపు పాలు అట్టివి కావు. అందులో కరగని సున్నము నిండుగా ఉండును, తొలుత పి.హెచ్. 12 దాటియుండును, వాయువు బలముగా బుడగలు కొట్టుచుండును. అంత క్షారములో మెగ్నీషియము ద్రావణములో నిలువనే నిలువదు, హైడ్రాక్సైడుగా అవక్షేపమైపోవును. పి.హెచ్. దిగిన తరువాత గాని అది మరల కరగి పనికి రాదు. కనుక గాజుపాత్రలో వచ్చిన ఫలితమును కర్మాగారమునకు యథాతథముగా వర్తింపజేయుట తగదు.

మంచి పరిశోధనలు లేవని ఇందుకు అర్థము కాదు. 1996లో ఫలీని మున్నగు నలుగురు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగమును మాదిరిగా తీసికొనవచ్చును. అరగొనైటు పొరలుగల నత్తజాతి చిప్పలనుండి ఒక విధమైన బృహదణువులను, కాల్సైటు పొరలుగల చిప్పలనుండి మరియొక విధమైన వాటిని వారు వేరుచేసిరి. రెండింటిని ఒకే రకపు ఆధారముపై, ఒకే పరిస్థితులలో పరీక్షించిరి. ఆ ఆధారము కైటిన్, పట్టు ప్రోటీనులతో చేసినది. మొదటివి అరగొనైటును, రెండవవి ముఖ్యముగా కాల్సైటును ఇచ్చెను. ఇతర విషయములు సమానముగా ఉంచి ఒక్కదానినే మార్చుట అనగా ఇదే.

మెగ్నీషియము సంగతియు అట్లే తేలినది. అది స్ఫటికపు పెరుగుచున్న అంచులకు అడ్డుపడి ఆపుచున్నదని ఒక వాదము. లోపల ఇమిడి ద్రావణీయతను పెంచుచున్నదని మరియొక వాదము. రెండింటికిని పైకి కనబడు ఫలిత మొక్కటే. 2000లో డేవిస్, డవ్, డి యొరియో అనువారు పరమాణుబల సూక్ష్మదర్శినితో స్ఫటికపు మెట్ల కదలికను కొలిచి, తాము చేసిన పరిస్థితులలో రెండవ వాదమే సరియని చూపిరి. 2008లో గెబావర్, ఫెల్కెల్, కెల్ఫెన్ అనువారు, స్ఫటిక బీజములు పుట్టుటకు ముందే ద్రావణములో కాల్షియము, కార్బొనేటు అయానుల స్థిరమైన గుచ్ఛములు ఉండునని ప్రకటించిరి. ఇది సరియైనచో చేర్పు పదార్థము పని స్ఫటికపు ముఖముమీదనే కాక, అంతకు ముందే మొదలగుచున్నదని అనుకొనవలెను. ఈ గుచ్ఛముల స్వభావమును గూర్చి అప్పటినుండి శాస్త్రజ్ఞులలో వాదోపవాదములు జరిగినవి.

గానుగ సున్నము

చేర్పు పదార్థముల వాడుక తెలుగునాటికి కొత్తది కాదు. పాత కోటలకు, గుడులకు, మండువా ఇండ్లకు వాడిన సున్నమును ఇసుకతో గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు కలుపుట పెద్దలెరిగినదే. కొన్నిచోట్ల కోడిగ్రుడ్డు సొన కూడ చేర్చిరి. ఆ సున్నము గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి నెమ్మదిగా కాల్షియము కార్బొనేటుగా మారి గట్టిపడును. గోడయే అచ్చట ప్రయోగశాల. బెల్లములోని చక్కెర సున్నమును ఎక్కువగా కరగించును. కరక్కాయలో టానిన్లు విస్తారముగా ఉన్నవి. ఇవి స్ఫటికము పెరుగు తీరును మార్చుటకు తగిన పదార్థములే.

అయితే "పాత గోడ నిలిచినది, అందులో బెల్లమున్నది, కనుక బెల్లమే నిలిపినది" అనుట 1813 నాటి పొరపాటును మరల చేయుటయే. సున్నము ఎన్నాళ్లు నానినది, ఎంత నూరబడినది, ఇసుక ఎట్టిది, గోడ మందమెంత అను విషయములు కూడ ఉన్నవి. పైగా పడిపోయిన గోడలు సాక్ష్యము చెప్పుటకు మిగులవు. చైనాలో బంకబియ్యపు గంజి కలిపిన పాత సున్నమును గూర్చి 2010లో ప్రకటింపబడిన పరిశోధన సరియైన దారి చూపుచున్నది. అందు పాత నమూనాలను విశ్లేషించుటతో ఆగక, గంజి కలిపిన సున్నమును, కలుపని సున్నమును తయారుచేసి పోల్చిరి. గంజిలోని ఎమైలోపెక్టిన్ కాల్సైటు స్ఫటికములను చిన్నవిగా ఉంచుటకు తోడ్పడుచున్నదని తేల్చిరి. బెల్లము, కరక్కాయలకును ఇట్టి గౌరవమే దక్కవలెను: పొగడ్త కాదు, పరీక్ష.

తరగతి గదిలో

ఇది ఉన్నత పాఠశాలకు మించిన విషయమని కొందరు ఉపాధ్యాయులు అనవచ్చును. ఎక్స్‌కిరణ యంత్రము పాఠశాలలో లేదు, నిజమే. కాని చేర్పు ప్రభావమును చూచుటకు మూడు గాజుగ్లాసులు, ఒక గడియారము చాలును.

100 మిల్లీలీటర్ల స్వేదనజలములో 1 గ్రాము నిర్జల కాల్షియము క్లోరైడును, మరియొక 100 మిల్లీలీటర్లలో 1 గ్రాము వంట సోడాను వేర్వేరుగా కరగింపవలెను. మూడు గ్లాసులలో 10 మిల్లీలీటర్ల చొప్పున మొదటి ద్రావణము పోయవలెను. మొదటి గ్లాసులో మరేమియు కలుపరాదు. రెండవదానిలో 0.58 గ్రాముల శుద్ధమైన సోడియము క్లోరైడు, మూడవదానిలో 1 గ్రాము మెగ్నీషియము క్లోరైడు స్ఫటికములు వేసి కరగనీయవలెను. ఈ తూకముతో రెండవ, మూడవ గ్లాసులలో అదనముగా చేరిన క్లోరైడు సమానమగును. మూడవదానిలో మెగ్నీషియము, కాల్షియముల నిష్పత్తి సముద్రజలములోని దానికి దగ్గరగా ఉండును. తరువాత ఒక్కొక్క గ్లాసులో 10 మిల్లీలీటర్ల సోడా ద్రావణము పోసి, ఒకే తీరున కలిపి, నల్లని కాగితముపై ఉంచి, తెలుపు కనబడుటకు ఎంతసేపు పట్టినదో వ్రాయవలెను. ఇట్లు కనీసము మూడుసార్లు చేయవలెను.

రెండవ గ్లాసు ఎందుకని విద్యార్థి తప్పక అడుగును. ఆ ప్రశ్నయే ఈ ప్రయోగమునకు ఫలము. మూడవ గ్లాసులో ఆలస్యము కనబడినచో అది మెగ్నీషియము పనియా, లేక ఏదో ఒక ఉప్పు ఎక్కువగుటవలన కలిగినదియా అను సందేహమునకు రెండవ గ్లాసు జవాబు చెప్పును. మెగ్నీషియము క్లోరైడునకు బదులు అంగడిలో దొరకు భేదిఉప్పును, అనగా మెగ్నీషియము సల్ఫేటును, ఎందుకు వాడరాదో కూడ చర్చింపవచ్చును. అందలి సల్ఫేటు కాల్షియముతో కలిసి జిప్సముగా అవక్షేపము కాగలదు. అప్పుడు కనబడిన తెలుపు దేనిదో తెలియదు. సున్నపు తేటలో మెగ్నీషియము లవణము వేసినను ఇట్టి చిక్కే కలుగును. ఊదకముందే మెగ్నీషియము హైడ్రాక్సైడు తెల్లగా దిగును. తెల్లనిదంతయు కాల్షియము కార్బొనేటు కాదని విద్యార్థి ఇక్కడ స్వయముగా తెలిసికొనును.

పాఠ్యపుస్తకము వ్రాయువారు ఇందుకై పెద్ద అధ్యాయము చేర్చనక్కరలేదు. సున్నపు తేట పాఠము చివర రెండు వాక్యములు చాలును: ఈ అవక్షేపము మూడు స్ఫటికరూపములలో ఏర్పడవచ్చును; ఉష్ణోగ్రత, గాఢత, పి.హెచ్., స్వల్పముగా చేరిన ఇతర పదార్థములు ఆ రూపమును నిర్ణయించును. దానిక్రింద ఒక ప్రశ్న: "ఒక చేర్పు పదార్థమే రూపమును మార్చినదని ఎట్లు నిరూపింతువు?" దీనికి కంఠస్థము చేసిన జవాబు పనికిరాదు. పరిశోధన పత్రము వ్రాయువారిని అడుగవలసినదియు ఈ ప్రశ్ననే. సమీకరణము సరితూగినప్పుడు లెక్క ముగియును. ఆ తెల్లని పొడిని గూర్చిన రసాయనశాస్త్రము అప్పుడే మొదలగును.